మెచ్చుకోలు చాటున మరుగయ్యే పేర్లు

ఉద్యోగం చేసే చోట స్త్రీలకు జరిగే అన్యాయాల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా అవమానాలనే లెక్కపెడతాం. ఎవరు ఏ మాట తూలారు, ఎవరిని ఎక్కడ తక్కువ చేశారు అన్నవి పైకి కనిపించే విషయాలు కాబట్టి వాటిని పట్టుకోవడం సులభం. కానీ అమెరికాలోని నల్లజాతి స్త్రీల ఉద్యోగ జీవితాల గురించి కొన్నేళ్ళుగా చదువుతున్నకొద్దీ, నిందకన్నా మెప్పే వారికి ఎక్కువ నష్టం చేసిందన్న అభిప్రాయం నాలో బలపడుతూ వస్తోంది. నల్లజాతి స్త్రీ దృఢమైనదని, ఎంత బరువు పెట్టినా మోస్తుందని, ఆమెకు అలసట ఉండదని, ఎవరి ఆసరా అక్కరలేదని అక్కడి సమాజం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది. పత్తి పొలాల్లో మగవారితో సమానంగా చాకిరీ చేయించుకుని, ఆ మీదట యజమాని పిల్లలను కూడా పెంచమన్న బానిస వ్యవస్థకు అలాంటి నమ్మకం ఎంతో అవసరమైంది. ఈనాటి కార్యాలయాల్లో దాని ఫలితం మరో రకంగా ఉంటోంది. కష్టమైన పనిని ఆమెకు అప్పగిస్తారు, అది పూర్తయ్యాక ఆమె ఓర్పును పొగుడుతారు, ఆ పని వెనుక ఆలోచన ఎవరిదన్న ప్రశ్న వచ్చేసరికి మరొకరి వైపు చూస్తారు.

మా సిక్కోలు స్త్రీలకు ఈ వరస బాగా తెలిసినదే. "శ్రీకాకుళం వాళ్ళండీ, ఎంత పనైనా చేస్తారు" అన్న మాటను హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కట్టించే మేస్త్రీ నోటా విన్నాను, విజయనగరంలో చదువుకున్నవారు కూర్చున్న సమావేశంలోనూ విన్నాను. అన్నవారు ఇద్దరూ మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు. మా ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి, పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయినప్పుడు కూడా మా చుట్టుపక్కల అందరూ ఆమె బలాన్నే పొగిడారు. బరువు భుజాలకు చేరే క్షణంలో కాలు ఎక్కడ పడాలో, మోచేయి ఎప్పుడు తిరగాలో ఏళ్ళ తరబడి లెక్కకట్టి నేర్చుకున్న విద్యను గురించి మాట్లాడినవారు నాకు తారసపడలేదు.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. ఎస్టర్ల (ఆమ్లం, ఆల్కహాలు కలిసి ఏర్పడే పదార్థాల) పాఠం వచ్చిన ప్రతిసారీ ఎలిస్ బాల్ గురించి చెబుతాను. 1892లో సియాటిల్ నగరంలో పుట్టిన ఈ నల్లజాతి మహిళ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఔషధ రసాయనశాస్త్రంలోనూ ఫార్మసీలోనూ పట్టాలు పొంది, 1915లో హవాయి కళాశాలలో మాస్టర్స్ పూర్తి చేశారు. అక్కడ ఆ పట్టా అందుకున్న తొలి స్త్రీ, తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆవిడే. అదే చోట రసాయనశాస్త్రం బోధించిన తొలి మహిళ కూడా. కాలిహీ ఆస్పత్రి వైద్యుడు హ్యారీ హోల్‌మన్ ఆవిడ ముందు ఒక చిక్కును పెట్టారు. కుష్ఠు వ్యాధికి ఆనాడు కాస్తో కూస్తో పనిచేసే మందు చాల్‌మూగ్రా నూనె ఒక్కటే. ఆ జాతి చెట్ల గింజల నూనెను వాడడం మన ఆయుర్వేదానికి ఎప్పటినుంచో తెలుసు. అయితే దాన్ని ఒంట్లోకి పంపడమే కష్టం. తాగిస్తే కడుపులో తిప్పి వాంతులయ్యేవి, పైపూతగా రాస్తే గుణం అంతంతమాత్రం, సూదితో ఎక్కిస్తే ఆ చిక్కటి నూనె నీటిలో కలవక చర్మం కింద గడ్డలు కట్టేది. బాల్ పాఠాలు చెబుతూనే, ఖాళీ వేళల్లో ప్రయోగశాలలో కూర్చుని, ఆ నూనెలోని ఫ్యాటీ ఆమ్లాలను ఇథైల్ ఎస్టర్లుగా మార్చి వేరుచేసే విధానాన్ని కనుగొన్నారు. అలా తయారైన పలుచని ద్రవాన్ని సూదిమందుగా ఇవ్వడం సాధ్యమైంది.

1916 డిసెంబరు 31న, 24 ఏళ్ళ వయసులో, ఆ ఫలితాలను ప్రచురించకుండానే ఆవిడ మరణించారు. ఆ కళాశాల అధ్యక్షుడు, తానూ రసాయన శాస్త్రవేత్తే అయిన ఆర్థర్ డీన్ ఆ పనిని కొనసాగించి, బాల్ పేరు ప్రస్తావించకుండా వ్యాసాలు ప్రచురించారు. దానితో లోకానికి అది డీన్ పద్ధతిగా పరిచయమైంది. 1922లో హోల్‌మన్ తన వ్యాసంలో దాన్ని బాల్ పద్ధతి అని స్పష్టంగా రాశారు గాని, ఆ మాట పట్టించుకున్నవారు తక్కువ. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చేవరకు ఆ ఎస్టర్లే ఎందరికో ఆధారమయ్యాయి. హవాయి విశ్వవిద్యాలయం తన ఆవరణలోని చాల్‌మూగ్రా చెట్టు దగ్గర బాల్ పేరుతో ఫలకం పెట్టింది 2000లో. అంటే ఆవిడ పోయిన ఎనిమిది దశాబ్దాలకు. విజయనగరంలోనూ, సాలూరులోనూ (అది 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది) కుష్ఠు రోగులకోసం మిషన్ ఆస్పత్రులు వెలసిన ప్రాంతం మాది. ఆ వ్యాధి పేరు వింటేనే మనిషిని ఊరవతల పెట్టిన రోజులను మా పెద్దవాళ్ళు చూశారు. అందుకే మా పిల్లలకు ఈ కథ దూరదేశపు సంగతిలా అనిపించదు.

డీన్ దుర్మార్గుడని చెప్పి ఊరుకోవడం నాకు సరిపోదు. ప్రయోగశాలలో నిలబడి పనిచేసే యువతిని, అందునా నల్లజాతి యువతిని, చెప్పిన పని శ్రద్ధగా చేసే సహాయకురాలిగా చూడడం ఆనాటి పెద్దలకు ఎంత సహజమంటే, ఆమె పోయాక ఆ కాగితాల మీద ఆమె పేరు ఉండాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడమూ అంతే సహజమై ఉంటుంది. ద్వేషమైతే ఎదుర్కోవచ్చు. ఇలాంటి సహజత్వాన్ని ఎదుర్కోవడానికి పేరు వెంటనే, పని జరుగుతున్నప్పుడే, కాగితం మీదకు ఎక్కాలి.

నల్లజాతి గణిత శాస్త్రవేత్త కేథరిన్ జాన్సన్ విషయంలో జరిగింది అదే. 1953లో వర్జీనియాలోని, తర్వాత నాసాలో భాగమైన లాంగ్లీ పరిశోధన కేంద్రంలో లెక్కలు కట్టే ఉద్యోగంలో చేరిన ఆవిడను, ఇంజినీర్ల సమావేశాలకు స్త్రీలు రారని చెప్పి ఆపబోతే, రాకూడదని చట్టమేమైనా ఉందా అని అడిగి మరీ వెళ్ళారు. ఇంజినీరు టెడ్ స్కోపిన్‌స్కీతో కలిసి చేసిన నివేదిక చివరి దశకు వచ్చినప్పుడు, తాను హ్యూస్టన్ వెళ్ళాల్సి ఉన్నందున మిగతాది కేథరిన్ పూర్తి చేయాలనీ, పనిలో ఎక్కువ భాగం ఆమెదేననీ ఆయనే పై అధికారికి చెప్పారు. 1960లో వెలువడిన ఆ నివేదిక మీద రచయితగా ఆవిడ పేరు ఉంది. ఆ విభాగంలో ఒక స్త్రీకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. 1962లో వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగడానికి బయలుదేరే ముందు, కంప్యూటర్ ఇచ్చిన అంకెలను ఆవిడ చేత సరిచూయించమని కోరిన సంగతి చాలామందికి తెలుసు. 2015లో, 97 ఏళ్ళ వయసులో, ఆవిడకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు. పత్రికలు గ్లెన్ సంఘటననే పదేపదే చెబుతాయి. నాకు మాత్రం 1960 నాటి ఆ నివేదిక మొదటి పుట ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. అది లేకపోతే తర్వాతి గౌరవాలను దేని మీద నిలబెట్టేవారు?

చట్టం దగ్గరకు వెళ్ళినా నల్లజాతి స్త్రీలకు దారి దొరకని సందర్భం ఒకటి ఉంది. జనరల్ మోటార్స్ సంస్థ 1964కు ముందు నల్లజాతి స్త్రీలను ఉద్యోగంలోకి తీసుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో, చివర చేరినవారిని ముందుగా తీసేయాలన్న సీనియారిటీ నియమాన్ని అమలు చేయగా, 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరి ఉద్యోగాలూ పోయాయి. ఐదుగురు కోర్టుకు వెళ్ళారు. 1976లో మిస్సౌరీలోని ఫెడరల్ కోర్టు ఆ వాదాన్ని తిరస్కరించింది. సంస్థ స్త్రీలను 1964కు ముందునుంచే తీసుకుంటోంది కాబట్టి స్త్రీలన్న వివక్ష లేదు, జాతి వివక్ష అంటారా, నల్లజాతివారు వేసిన మరో కేసుతో కలిసి వాదించుకోండి, ఈ రెంటినీ కలిపి కొత్తరకం హక్కును మాత్రం అడగకూడదు అన్నది తీర్పు సారాంశం. ఆ స్త్రీలు తెల్లవారు, ఆ నల్లవారు పురుషులు అన్న సంగతి ఈ తర్కంలో ఎక్కడా ఇమడలేదు. న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా 1989లో ఈ కేసును విశ్లేషిస్తూనే ఇంటర్‌సెక్షనాలిటీ (జాతి, లింగం వంటి వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పనిచేయడం) అన్న భావనను ముందుకు తెచ్చారు. మన సుప్రీంకోర్టు కూడా 2021లో, ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసు తీర్పులో, కులం, లింగం, వైకల్యం ఒక మనిషి మీద విడివిడిగా కాక కలిసి ఎలా పనిచేస్తాయో వివరంగా చర్చించింది. ఉద్యోగాల్లో ఆ తీరు చర్చ మన దగ్గర ఇంకా మొదలుకాలేదనే నా అభిప్రాయం.

నల్లజాతి స్త్రీల అనుభవమూ మా అనుభవమూ ఒక్కటేనని నేను అనడం లేదు. బానిసత్వపు చరిత్ర వారిది. మన దగ్గర దానికి దగ్గరగా నిలిచేది కులం, ఆ బరువు నా మీద పడినది కాదు, నేను దళిత స్త్రీని కాను. నా రంగు నలుపు, నా యాస సిక్కోలు యాస, అంతవరకే నా వాటా. కానీ మా కళాశాలలో శ్రీకాకుళం తీరప్రాంతం నుంచి వచ్చిన ఒక దళిత అధ్యాపకురాలు ఉన్నారు. ఆమెకు జరిగింది నేను దగ్గరుండి చూశాను.

కళాశాలల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ నాక్ గుర్తింపుకోసం సెల్ఫ్ స్టడీ రిపోర్టు (కళాశాల తన పనితీరు మీద తానే రాసుకునే నివేదిక) తయారు చేయాలంటే ఎంత చాకిరీ ఉంటుందో కళాశాలల్లో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు. పరిశోధన, విస్తరణ కార్యక్రమాలకు సంబంధించిన మూడో క్రైటీరియన్ మొత్తం ఆమె రాశారు. ఐదేళ్ళ నాటి ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాల రికార్డులు, ఎంఓయూలు (ఒప్పంద పత్రాలు), జియోట్యాగ్ ఫోటోలు ఒక్కొక్కటిగా వెతికి, లేనివాటికి లేవని నిజాయితీగా రాసి, ఉన్నవాటిని వాదనగా మలిచారు. పరిశీలక బృందం వచ్చిన రోజున వేదిక మీద ఆ విభాగాన్ని వివరించింది మాత్రం ఆ విద్యా సంవత్సరంలోనే చేరిన మరో మేడమ్. ఆమె తెల్లగా ఉంటారు, పుస్తకాల తెలుగు మాట్లాడతారు, ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. రాసిన ఆవిడకు భోజనాల ఏర్పాట్లు అప్పగించారు. ఎందుకని నేను అడిగితే వచ్చిన సమాధానంలో తిట్టు ఒక్కటీ లేదు: "ఆ మేడమ్ ఉంటే లోపలి పని గురించి మాకు బెంగ ఉండదండీ. వేదిక మీద ఎవరైనా మాట్లాడతారు, అది ఎవరైనా చేయగలరా చెప్పండి?"

ఇంత మర్యాదగా పక్కన పెట్టినప్పుడు ఏమని పోట్లాడాలి? పోట్లాడితే మరో ముద్ర సిద్ధంగా ఉంటుంది. అమెరికాలో నల్లజాతి స్త్రీ గట్టిగా మాట్లాడితే కోపిష్టి అంటారు. 2008 ఎన్నికల ప్రచారంలో మిషెల్ ఒబామా అంతటి విద్యావంతురాలికే ఆ ముద్ర తప్పలేదు. మా దగ్గర నోరున్న మనిషి అంటారు, మాటలో ఉత్తరాంధ్ర యాస ఉంటే ఆ ముద్ర ఇంకా త్వరగా పడుతుంది. సినిమాల్లో ఆ యాసను ఏళ్ళ తరబడి పనిమనుషులకూ హాస్యపాత్రలకూ కేటాయించడం వల్ల, అదే యాసలో ఒక అధ్యాపకురాలు అభ్యంతరం చెబితే గదిలో ముందు నవ్వు పుడుతుంది, ఆ తర్వాతే విషయం వినిపిస్తుంది. మా దళిత సహోద్యోగిని అది ముందే ఊహించారు కాబట్టి ఆ రోజు ఏమీ అనలేదు. అనకపోవడాన్ని కూడా ఆమె సహనమనే మెచ్చుకున్నారు.

రూపం సంగతి కూడా ఇందులో భాగమే. నల్లజాతి స్త్రీల సహజమైన జుట్టునూ, జడల తీరునూ ఉద్యోగానికి తగవంటూ సంస్థలు అభ్యంతర పెడుతూ వచ్చినందువల్లే కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం చేయవలసి వచ్చింది. తలకు నూనె రాసుకుని జడ వేసుకుని వచ్చే అధ్యాపకురాలిని అతిథుల ముందు నిలబెట్టకపోవడానికి మన దగ్గర నియమమంటూ ఏదీ లేదు కాబట్టి, దాన్ని ఆపే చట్టానికీ అవకాశం లేదు. 2020లో ఒక ప్రసిద్ధ తెల్లబరిచే క్రీము తన పేరులోంచి ఫెయిర్ అన్న మాటను తీసేసింది, మా ఊరి దుకాణాల్లో అమ్మకాలు తగ్గిన జాడ అయితే నాకు కనిపించలేదు.

ఇప్పుడు మా కళాశాల అంతర్గత నాణ్యతా కమిటీ అయిన ఐక్యూఏసీలో నేనూ ఒక సభ్యురాలిని. ఈ ఏడాది వార్షిక నివేదిక ముసాయిదాలో ప్రతి విభాగం చివర దాన్ని తయారు చేసినవారి పేర్లు ఒక పట్టికగా చేర్చాను. ఆ విభాగాన్ని బయటివారి ముందు వివరించే అవకాశం మొదట వారికే ఇవ్వాలని, వారు వద్దంటేనే మరొకరిని అడగాలని ఒక వాక్యం రాశాను. నాక్ పోర్టల్‌లో అలాంటి గడి లేదు కదా అని ఒకరు సందేహం వెలిబుచ్చారు. పోర్టల్‌లో లేకపోయినా కళాశాల దగ్గర ఉండే ప్రతిలో ఉండవచ్చునని చెప్పాను. పట్టికకు ఒప్పుకున్నారు, ఆ వాక్యం మీద మాత్రం చర్చ వాయిదా పడింది. తర్వాతి సమావేశం అజెండాలో దాన్ని మూడో అంశంగా చేర్పించాను. ఈసారి నాతోపాటు ఆ సహోద్యోగిని కూడా మాట్లాడతానన్నారు.