గట్టు మీద నిమ్మచెక్క

పదకొండు దాటింది. ఆయన గురక మొదలైంది. నాకు మాత్రం సాయంత్రం నుంచీ గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుంది. పెద్ద విషయమేం కాదు. ఒక నిమ్మచెక్క.

మా వంటింటి గట్టు, అదే ఈయన గ్రానైట్ వద్దని సిమెంటుతో పోయించిన గట్టు, దాని పురాణం మీకు కొత్త కాదు. ఎండాకాలంలో నెల రోజులు వెనక వరండాలో ఒంటిపొయ్యి మీద వండుకుంటూ ఎంత సణిగానో ఇక్కడే రాశాను. మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకోను.

సాయంత్రం ఆయన రోజూలాగే తనిఖీకి వచ్చారు. రిటైరయ్యాక ఆయనకి అదొక డ్యూటీ. ముందు మెత్తటి గుడ్డతో గట్టంతా తుడుస్తారు. తర్వాత ఫోనులో లైటు వేసి, గట్టుకి చెంప ఆనించినంత పనిచేసి, ఏటవాలుగా చూస్తారు. అలా చూస్తేనే లోపాలు తెలుస్తాయట. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంత పరీక్షగా చూడలేదు ఈ మనిషి. ఇవాళ ఒకచోట ఆగిపోయారు. స్టవ్వుకీ సింకుకీ మధ్య, పాత రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దగా, గుండ్రంగా, మెరుపు పోయిన మచ్చ.

"ఇక్కడ నిమ్మకాయ ఎవరు పెట్టారు?"

పనావిడ గిన్నెలు తోముతోంది. "నేను పెట్టలేదు సార్" అంది.

"మరి దానంతటది నడిచొచ్చిందా?"

కోపంగా అనలేదు. ఆయనకి కోపం రాదు, అదే బాధ. పాఠం వస్తుంది. "చూడమ్మా, సిమెంటులో సున్నం ఉంటుంది. పులుపు తగిలితే ఆ సున్నాన్ని తినేస్తుంది. ఇది మరక కాదు, తోమితే పోదు. ఇక్కడ గట్టు పైపొర పోయింది, అంతే." ఆవిడ చేతుల నిండా సబ్బు నురగతో అలాగే నిలబడి, తలూపుతూ మొత్తం వింది. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి, "గ్రానైట్ అయితే ఈ బాధ లేదు గదమ్మా" అంది.

ఆ మాట నాతో అనని వాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఒంగోల్లో ఇల్లు పెట్టుకుని గ్రానైట్ వద్దన్నవాళ్ళు ఇంకెవరన్నా ఉంటే చూపించండి. చీమకుర్తి మాకు ఇరవై కిలోమీటర్ల చిల్లర. నల్లరాతిలో బంగారు రవ్వ చల్లినట్టుండే గెలాక్సీ రాయికి అదే పుట్టిల్లు. ఏనుగంతేసి దిమ్మెలు లారీల మీద గొలుసులు కట్టుకుని మా కర్నూలు రోడ్డు మీదుగానే పోతుంటాయి. ఎక్కడో ఇటలీ, చైనాల్లో వాళ్ళు డబ్బు పోసి తెప్పించుకుంటున్న రాయి మాకు పక్క ఊరి సరుకు. దాన్ని వదిలేసి మేము అరబస్తా సిమెంటుతో గట్టు పోసుకున్నాం. మా తోటికోడలు చూడటానికి వచ్చి, గట్టు మీద వేలితో టకటకా కొట్టి, "పైన రాయి ఎప్పుడేస్తారక్కా?" అని అడిగింది. ఇదే పైన అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "వేస్తాంలే" అన్నాను.

అరబస్తా అని ఊరికే అనలేదు. పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం. సింకు కంత తీసేసినా బరువు 150 కిలోలకి దగ్గర. వీడియోల్లో అమెరికావాళ్ళు దీన్ని గరాజులో అచ్చులో తిరగేసి పోసుకుని, గట్టిపడ్డాక నలుగురు పట్టి బోర్లించి, వంటింట్లోకి మోసుకెళ్తారు. మాకు నలుగురెక్కడ? అందుకని ఉన్నచోటే పోయించారు. సిమెంటు అరబస్తా, గొడవ మాత్రం అరరోజు. నీళ్ళు 10 లీటర్లు మించకూడదని ఈయన. "ఇది ఉప్మానా సారూ, జారకపోతే ఎట్టా పోసేది?" అని మేస్త్రి. నీళ్ళెక్కువైతే ఎండేటప్పుడు కుంచించుకుని పగులుతుందని ఈయన, ముప్ఫై ఏళ్ళుగా స్లాబులు పోస్తున్నా నాకు తెలవదా అని మేస్త్రి. చివరికి ఈయన మాటే నెగ్గింది. అయినా సింకు మూలలో వెంట్రుకంత పగులు రానే వచ్చింది. అలాంటి మూలల్లోనే లాగుడంతా పడుతుందని ఈయన నాకు బొమ్మ గీసి చూపించారు. మేస్త్రి మాత్రం పనిగట్టుకుని ఇంటికొచ్చి, ఆ పగులు చూసి, టీ తాగి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు.

ఆ పైన గోనెసంచులు కప్పి 14 రోజులు తడపాలి. తడిపిందెవరు? నేనే. అది కూడా అప్పట్లోనే రాశాను.

గోనెసంచులు తీశాక పాలిష్ మిషను. ఆ బూడిదరంగు బురద వంటింటి తలుపు దాటి దేవుడి గది దాకా వచ్చింది. అదంతా కడిగి, పొయ్యి ఎక్కించే ముందు అలవాటు చొప్పున గట్టు అంచుకి పసుపు రాసి బొట్టు పెట్టాను. పెట్టిన పసుపు చూస్తుండగానే ఎర్రగా తిరిగింది. అచ్చం పారాణి. పసుపూ సున్నం కలిస్తే ఎరుపని పెళ్ళికూతురి పాదాలు చూసిన ప్రతివాళ్ళకీ తెలుసు, కానీ సిమెంటులో అంత సున్నం ఉంటుందని నాకేం తెలుసు? దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అవేగా. "గట్టు తనకి తనే దిష్టి తీసుకుంటోందండీ" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. మరకలు దిగకుండా పూసే సీలర్ ఇంకా పూయలేదట, ఒక్కరోజు ఆగలేకపోయావా అన్నారు. ఎరుపు నెమ్మదిగా పాలిపోయింది గానీ ఆ చోట పల్చటి గోధుమరంగు ఉండిపోయింది. నా వేళ్ళు నాలుగూ విడివిడిగా తెలుస్తాయి.

ఇక సీలర్. అందులో రెండు రకాలట. పైన పొరలా నిలబడేది ఒకటి. పులుపుని బాగానే ఆపుతుంది గానీ, వేడి బాణలి దించితే ఆ పొర మీద మచ్చ పడుతుంది. రెండోది లోపలికి ఇంకిపోయేది. నీళ్ళూ నూనే తొందరగా దిగనివ్వదు, వేడికి అంతగా భయపడదు, పులుపు ముందు మాత్రం చేతులెత్తేస్తుంది. ఆయన రెండోది ఎంచుకున్నారు. చింతపండు పిసక్కుండా పొద్దుగూకని ఇంట్లో! నెల్లూరు చేపలపులుసు పెట్టే ఇంట్లో! అప్పట్నుంచీ చింతపండు గిన్నె కింద పళ్ళెం, మజ్జిగ గిన్నె కింద పళ్ళెం, టమాటాలు తరిగే చెక్క కింద గుడ్డ, ఊరగాయ జాడీకి వేరే పీట. పులిహోర రోజైతే నా వంటింట్లో నేను చుట్టంలా మసలుకోవాలి. అత్తగారితో కూడా ఇంత జాగ్రత్తగా కాపురం చెయ్యలేదు. ఆవిడ ఒక పక్కన మడి అనేది, ఇంకో పక్కన సర్దుకునేది. ఈ గట్టుకి సర్దుకోవడం లేదు.

ఇంతకీ, ఆ నిమ్మచెక్క పెట్టింది నేనే.

పొద్దున ఉప్మాలో పిండుతుంటే అబ్బాయి ఫోను. చెక్కని బోర్లా పెట్టేసి వెళ్ళాను. నలభై నిమిషాలు. వచ్చి చూసి గబగబా తీసి తుడిచేశాను. తడిగా ఉన్నంతసేపూ మచ్చ కనబడలేదు, బతికాననుకున్నాను. సాయంత్రం ఆయన "ఎవరు" అన్నప్పుడు పక్కనే చారుకి పోపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి. వినబడనట్టు ఊరుకోడానికి పోపంత వీలైనది ఇంకోటి లేదు.

పదకొండేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది ఆవిడ. ఒక్క కప్పు పగలగొట్టలేదు. పగిలినా తనే ముందు చెబుతుంది. అలాంటి మనిషి సున్నం పాఠం వింటుంటే నేను మెంతులు మాడకుండా చూసుకుంటున్నాను. రేపు రాకపోతే? అని కూడా అనుకున్నాను. చూడండి, అక్కడ కూడా నా గిన్నెల గురించే.

ఆ చిరాకులోనే అమ్మమ్మ గట్టు గుర్తొచ్చింది. అద్దంకి దగ్గర పల్లె. మావయ్య ఒంగోల్లో పేరు రాయిస్తే ఏళ్ళ తర్వాత గ్యాసు కనెక్షను వచ్చింది. 1983 కాబోలు. సిలిండరు కింద, పొయ్యి పైన ఉండాలి కాబట్టి గట్టు కట్టాల్సొచ్చింది. అప్పటిదాకా ఆ వంటింట్లో నేల తప్ప ఏమీ లేదు. రెండు ఇటుక గోడలు లేపి, మీద చువ్వలు పరిచి, కాంక్రీటు పోసి, పైన ఎర్రరంగు కలిపిన సిమెంటు చల్లి గచ్చు చేశారు. ఆ ముసలి మేస్త్రి లాంతరు పెట్టుకుని రాత్రి దాకా తాపీతో రుద్దుతూనే ఉన్నాడు. వేలు పెడితే అంటకూడదు, అలాగని రాయీ అయిపోకూడదు. ఆ మధ్య గంటలోనే నునుపు తేలాలి. నన్నూ పిన్ని కొడుకునీ గుమ్మంలోనే కూర్చోబెట్టి, లోపలికి వస్తే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. మేము వేలు పెట్టి చూద్దామని ఎంత కాచుకున్నామో, ఆయన అంత కాచుకున్నాడు. తెల్లారి చుట్టూ బంకమట్టి కట్ట కట్టి నీళ్ళు నిలబెట్టారు. కిటికీలోంచి పిచ్చుకలు వచ్చి ఆ ఎర్రటి చెరువులో మునిగి లేచేవి. వారమంతా మాకు అదే సినిమా.

నేను పెద్దదాన్నయ్యేసరికి ఆ గట్టు ఎలా ఉందనుకున్నారు? చింతపండు జాడీ పక్కన పైపొర తినేసి, లోపలి కంకర గింజలు గింజలుగా తేలింది. కత్తి నూరీ నూరీ అంచు పాత చెప్పు మడమలా ఒకవైపు వాలిపోయింది. ఉప్పుజాడీ కింద తెల్లటి చక్రం. ఎవరూ లైటు వేసి చూడలేదు. ఎవర్నీ నిలబెట్టి అడగలేదు. వాడుకున్నారు, అరిగింది.

ఈ మాట దగ్గర ఆపేసి, ఈయన్ని ఇంకో నాలుగు అనేసి పడుకుందామనుకున్నాను. కానీ ఇప్పుడు రాసింది చదువుకుంటే అబద్ధంలా ఉంది. అమ్మమ్మకి ఆ గట్టంటే పడేది కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పొయ్యి ముందు పీటేసుకుని కూర్చుని వండిన మనిషి. "నిలబడి వండేదేందే, కాపలావాడి మాదిరి" అనేది. కాళ్ళు వాచేవి. కత్తిపీట కింద, గంజి వార్చేది కింద, పొయ్యి మాత్రం పైన. రోజుకి ఎన్నిసార్లు లేచి కూర్చునేదో. ఒకసారి మావయ్య ఊళ్ళో లేనప్పుడు స్టవ్వుని దించి నేలమీద పెట్టుకుని వండుతోంది, పక్కనే సిలిండరు నిలువెత్తున. మావయ్య వచ్చి చూసి, ఇల్లు తగలెడతావా అని కేకలేశాడు. మళ్ళీ పైకెక్కించింది. జాడీ పక్కన గుంటలు పడ్డాయంటే ఆ గట్టు మీద ప్రేమ ఎక్కువై కాదు, అక్కడ ఏమైతే తనకేమని. కత్తి నూరడం కూడా కసి కొద్దీనేమో, ఇప్పుడు తోస్తోంది.

మరి ఇది కూడా రాయాలి. పోయక ముందు ఈయన నన్ను పాత గట్టు దగ్గర నిలబెట్టి, చేతిలో అట్లకాడ పెట్టి, టేపుతో నేల నుంచి మోచేతి దాకా కొలిచారు. పాత కడప బండ నాకు మరీ ఎత్తు. అట్టు తిరగేయాలంటే భుజం లేపాల్సిందే. ఇరవై రెండేళ్ళు లేపాను, ఎత్తు ఎక్కువైందని నాకే తోచలేదు. ఈసారి 31 అంగుళాలకి పెట్టించారు. అందరూ ఇంకాస్త ఎత్తు పెడతారు సారూ అని మేస్త్రి అంటే, అందరూ ఇక్కడ వండరుగా అన్నారు. భుజం నొప్పి పోయింది. ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు.

అలాగని పనావిడకి పాఠం చెప్పడం నాకు నచ్చిందని కాదు. ఎత్తు వేరు, అది వేరు. గుడ్డ పెట్టి రుద్ది, మైనం పూసి ఊరుకోవచ్చు. వాళ్ళ వీడియోల్లోనే ఒకాయన చెప్పాడు, మచ్చలు పడితేనే అందం అని. అది చూసి తలూపినవాళ్ళే కదా ఈయన కూడా! ఊళ్ళోవాళ్ళ గట్టు మీద మచ్చలు అందం, మన గట్టు మీద పడితే విచారణ.

ఇందాక నీళ్ళకని లేచి వెళ్ళాను. లైటు వెయ్యలేదు. చెయ్యి వేస్తే గట్టు చల్లగా ఉంది, వేలితో తడుముతూ పోతే మచ్చ తగిలింది. చుట్టూ నున్నన, అక్కడ మాత్రం సుద్దముక్కలా గరుకు. పక్కన కాఫీపొడి డబ్బా ఉంటే జరిపి దాని మీద పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

పొద్దున ఆరున్నరకి ఆవిడ వస్తుంది. ముందు ఆవిడకి చెబుతాను, గుమ్మంలోనే. ఏమంటుందో తెలుసు, "పోన్లేమ్మా" అంటుంది, అదే ఇంకా కష్టం.

ఆయనకి చెప్పే పని లేదు. నా టపాలు ఆయన ఆదివారం కాఫీ తాగుతూ చదువుతారు. ఇవాళ బుధవారం.