కొండ కింద చెల్లెలి జాతర

తిరుపతి వెళ్ళొచ్చామంటాం గానీ మాలాంటివాళ్ళం నిజానికి చూసేది తిరుమలనే. కింద ఊరంటే మాకు రైల్వే స్టేషను, కొండ మీదికి బస్సు, దిగొచ్చాక లడ్డూ సంచులు ఒళ్ళో పెట్టుకుని రైలు కోసం పడే పడిగాపులు. అంతకు మించి ఆ ఊరికి ఓ సొంత బతుకుంటుందని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఉద్యోగంలో పరిచయమైన తిరుపతి స్నేహితుడికి ఇదే కోపం. "ఈసారి కొండకి రావద్దు, మా ఊరికి రా. మేలో రా, గంగజాతరకి" అన్నాడు.

మేలో తిరుపతా! అగ్ని నక్షత్రం రోజుల్లో ఆ శేషాచలం రాళ్ళన్నీ పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని ఊరి మీదికి వదులుతాయి. అయినా కాకినాడలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం చీకటుండగానే దిగాను. వాళ్ళమ్మగారు తలుపు తీస్తూనే అన్న మాట: "ఇప్పుడా నాయనా రావడం? బైరాగి, బండ, తోటి అన్నీ అయిపోయినాయే!"

అప్పటికి నాకా మాటలేవీ అర్థం కాలేదు. కాఫీ తాగుతూ ఆవిడ చెప్పుకొచ్చింది. జాతర మంగళవారం అర్ధరాత్రి చాటింపుతో మొదలవుతుంది. చాటింపు పడ్డాక ఊరివాళ్ళు పొలిమేర దాటి వేరే ఊళ్ళో రాత్రి నిద్ర చెయ్యకూడదు. బుధవారం తాతయ్యగుంటలో ఉన్న గంగమ్మ గుడి ముందు కొడిస్తంభానికి అభిషేకం. ఆ రోజు నుంచి రోజుకో వేషం: బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపుకుండలు. మళ్ళీ మంగళవారం అసలు జాతర. బుధవారం తెల్లారేసరికి ముగింపు.

ఈ వేషాలన్నిటి వెనకా ఒక వేట ఉంది. పూర్వం ఈ ప్రాంతాన్నేలిన ఓ పాలెగాడు కంటికి నచ్చిన ఆడపిల్లనల్లా చెరబట్టేవాడట. తిరుపతి పక్కనే ఉన్న అవిలాలలో కైకాలవాళ్ళింట గంగమ్మ పెరిగింది. వాడు ఆమె మీదా చెయ్యి వెయ్యబోతే విశ్వరూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ అమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగిగా తిరిగినా దొరకలేదు, బండగా తిరిగి బూతులు తిట్టినా బయటికి రాలేదు. చివరికి దొర వేషంలో వస్తే, పెద్ద దొరగారు వచ్చారు కదా అని వాడు ఎదురొచ్చాడు. అంతే. "వాడికి దొరలంటే భయం, ఆడోళ్ళంటే లెక్కలేదు. అందుకే దొర మాదిరి పోయింది" అంది ఆవిడ, టమాటాలు తరుగుతూ. కథలో కీలకమంతా ఆ ఒక్క ముక్కలో ఉందనిపించింది.

అసలు వేషాలు కైకాల వంశంవాళ్ళవే. వాళ్ళు వీధి వీధీ తిరుగుతుంటే ప్రతి గడపలోనూ హారతి పడతారు, కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తారు. కానీ మొక్కున్నవాళ్ళెవరైనా వేషం కట్టొచ్చు. ఆ శనివారం సందు చివర నిలబడి చూస్తే ఒళ్ళంతా గంధం పూసుకుని, మెడలో నిమ్మకాయల దండలేసుకుని, చేతిలో వేపమండలు పట్టుకున్న దొరలు. చంకలో పిల్లలున్న దొరలు, స్కూటీ మీద వచ్చే దొరలు, పక్కింటి అరుగు మీద కూర్చుని ఐస్‌ఫ్రూట్ చీకుతున్న ఆరేళ్ళ దొర. పాలెగాడి తల తెగే ఘట్టాన్ని వీధిలోనే ఆడారు. జనం అరుపులకి నా పక్కనున్న పసివాడు జడుసుకుని ఏడుపు లంకించుకుంటే, వాళ్ళ నాన్న "ఏడవద్దు సామీ, వాడు చచ్చినాడులే" అని సముదాయించాడు.

మగవాడికి సామీ, పసివాడికి సామీ. ఆ ఊళ్ళో అందరూ సాములే.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఆదివారం మాతంగి వేషం. పాలెగాణ్ణి చంపాక వాడి పెళ్ళాం ఏడుస్తుంటే, గంగమ్మ మాతంగిగా మారి ఆమెని ఓదార్చడానికి వెళ్ళిందట. నేనెరిగిన రాక్షస సంహార కథలన్నీ రాక్షసుడి తల పడగానే అయిపోతాయి. పువ్వుల వాన కురుస్తుంది, దేవతలు జేజేలు కొడతారు. ఆ ఇంట్లో మిగిలిన ఆడదాని సంగతి ఎవరికీ పట్టదు. ఇక్కడ మాత్రం దానికోసం ఒక రోజు, ఒక వేషం, మగవాళ్ళు చీరలు కట్టుకుని నడవడం. ఏ కవి రాశాడో తెలియని ఈ కథలో ఎంత లోకజ్ఞానం ఉందో! ఇదే మాట మా స్నేహితుడితో అంటే, "మాకు చిన్నప్పటి నుంచీ ఆదివారమంటే మాతంగే కదా, ఎప్పుడూ అట్టా అనుకోలేదు" అన్నాడు.

బూతుల సంగతీ చెప్పాలి. జాతర వారంలో తిడితే తప్పు లేదు, పైగా అదీ మొక్కే. మామూలు రోజుల్లో గోవిందా అనే నోళ్ళలోంచి వచ్చే ఆ మాటలు ఇక్కడ రాయలేను. గోదావరి జిల్లావాణ్ణి, వెటకారంలో ఎవరికీ తీసిపోననుకునేవాణ్ణి. అయినా చెవులు మూసుకున్నాను. ఇక నాకు గిట్టనిది రాజకీయ నాయకుల ఫ్లెక్సీలు, గుండెలదిరే డీజే పెట్టెలు. డప్పు సరిపోదా? తాతయ్యగుంట సందుల్లో ఆ డప్పు దెబ్బ గోడకి కొట్టుకుని తిరిగొస్తుంటే ఒళ్ళు దానంతటదే ఊగుతుంది. 2007లో ఈ ఊరు కార్పొరేషనైంది గానీ, ఆ సందుల్లో నాలుగడుగులు వేస్తే ఇంకా పల్లెటూరే.

సోమవారం ఎండకి భయపడి ఇంట్లోనే పడుకున్నాను. సున్నపుకుండలు కిటికీలోంచి చూసిందే.

మంగళవారం ఇల్లంతా తలకిందులైంది. మా స్నేహితుడికి మొక్కుంది. స్నానం చేసి వచ్చాక వాళ్ళావిడ అతన్ని పీట మీద కూర్చోబెట్టి ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. సవరం, మల్లెపూలు, వడ్డాణం, చేతుల నిండా గాజులు. కాటుక పెడుతుంటే కళ్ళు ఆర్పినందుకు "కదలగాకు!" అని మొట్టింది. మీసం మాత్రం తియ్యలేదు. ఎందుకని అడిగితే "మీసం ఉంటే అమ్మకేమీ అభ్యంతరం లేదు, రేపు ఆఫీసుంది" అన్నాడు. అతని నాలుగేళ్ళ కొడుక్కి పావడా, జడగంటలు. వాడు అద్దం ముందునుంచి కదలనంటాడు. తండ్రీకొడుకులు అలా నడిచి వెళ్తుంటే వీధిలో ఒక్కరూ నవ్వలేదు. వీధి నిండా వాళ్ళలాంటివాళ్ళే మరి! ఆటో నడిపేవాడు, మెడికల్ రెప్రజెంటేటివు, ఇంజినీరింగు కుర్రాళ్ళు, అందరూ చీరల్లోనే ఉన్నారు. ప్యాంటూ చొక్కాలో నేనొక్కణ్ణే ఏదో వేషం కట్టినట్టు అనిపించి, ఎక్కడ నిలబడాలో తోచలేదు.

గుడి దగ్గర పొంగళ్ళ పొగ. ఇటుకల పొయ్యిల ముందు కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు ఎండకీ మంటకీ కందిపోయాయి. ఇంకోపక్క వెదురు దబ్బలతో గోపురంలా కట్టి, రంగు కాగితాలు అంటించిన సప్పరాలు. వాటిని తల మీదుగా దించుకుని మోస్తూ మగవాళ్ళు డప్పుకి అడుగులేస్తున్నారు. అడుగడుక్కీ అంబలి పోస్తున్నారు. రాగి అంబలిలో మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ. అమ్మవారు పోసే రోజుల్లో, మశూచి భయం ఉన్న కాలంలో, ఎండాకాలం ఈ అంబలీ వేపాకే కదా జనం నమ్ముకున్నది. అది పొట్టలో పడ్డాక గానీ నాకు మళ్ళీ నడిచే ఓపిక రాలేదు.

గంగమ్మ వెంకటేశ్వరస్వామికి చెల్లెలు. అందుకే జాతరకి ఏటా తిరుమల నుంచి పసుపు, కుంకుమ, చీర సారెగా వస్తాయి. పూర్వం కొండెక్కేవాళ్ళు ముందు ఈమెకి దణ్ణం పెట్టుకునే వెళ్ళేవాళ్ళట. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు.

ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం తయారైంది. పెద్ద కళ్ళు, ఎర్రటి నాలుక. తెల్లవారుజామున పేరంటాలు వేషంలో ఉన్న కైకాల ఆయన వచ్చి ఆ విగ్రహం చెంప తొలగించగానే వేలమంది ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. ఆ మట్టే ప్రసాదం. నాలుగు వైపుల నుంచీ తోపులాట. నా చెప్పులు ఎటు పోయాయో, చీర కుచ్చిళ్ళు ఎగదోపి ముందుకి దూకిన మా స్నేహితుడు ఎటు పోయాడో తెలియదు. కాసేపటికి సవరం ఊడి, పిడికిలి బిగించి వచ్చి, అందులోంచి చిటికెడు మట్టి నాకు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

తిరుగు రైల్లో ఎదురు సీటాయనది కొత్తగా చేసిన గుండు, దాని మీద గంధం. "దర్శనం ఎన్ని గంటలు పట్టిందండీ మీకు?" అన్నాడు. కొండ ఎక్కలేదని చెప్పాను. ఆయన నన్నూ, నా కొత్త రబ్బరు చెప్పుల్నీ మార్చి మార్చి చూసి, "అయ్యో, అంత దూరం వచ్చి!" అని నొచ్చుకుని, సంచిలోంచి లడ్డూ ముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. జేబులోంచి పొట్లం విప్పి చూపిస్తూ జాతర సంగతి మొదలుపెట్టాను. గూడూరు దాటేసరికి మాతంగి దాకా వచ్చాం.