పెంచలకోనలో చెట్ల దర్శనం

నెల్లూరు జిల్లాలో బంధువుల పేర్లు రాయడం మొదలుపెడితే పది పేర్లు దాటకముందే ఒక పెంచలయ్యో, పెంచలమ్మో తగులుతారు. మొక్కు తీర్చుకోవడానికి, తలనీలాలు ఇవ్వడానికి, పెళ్లయిన కొత్తలో దంపతులుగా దర్శనానికి ఈ జిల్లావాళ్లు వెలిగొండల కింద నరసింహస్వామి వెలిసిన పెంచలకోనకు వెళ్తూనే ఉంటారు. దర్శనం, ప్రసాదం, తిరుగు ప్రయాణం, అంతే. ఈ కార్తీకంలో మేం మాత్రం గుడి వెనక ఉన్న అడవి చూద్దామని బయల్దేరాం. అక్క, బావ, అత్తయ్య, నేను. అత్తయ్య ఒకటే షరతు పెట్టింది: ముందు స్వామి దర్శనం, తర్వాతే మీ చెట్లు.

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన దాదాపు 80 కిలోమీటర్లు. పొదలకూరు దగ్గర దారికి రెండువైపులా నిమ్మతోటలు. తెల్లవారుజామున వెళ్తే మార్కెట్టుకు పోయే నిమ్మకాయల బస్తాలు ఎదురవుతాయి. ఆ తర్వాత మెట్ట నేలల్లో జామాయిలు తోటలు, ఖాళీ ఉన్నచోటల్లా సర్కారు తుమ్మ. సముద్రం వైపు పోతే సరుగుడు. మా జిల్లాలో పచ్చదనం అంటే మా తరం కళ్లకు అలవాటైనవి ఇవే. సరుగుడూ, జామాయిలూ ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చాయి, సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి వచ్చింది. వాటితో బతికే రైతులను నేను తప్పు పట్టను. కానీ ఈ నేల సొంత చెట్లు ఎలా ఉంటాయో చూడాలంటే రాపూరు దాటి వెలిగొండల కిందికి పోవాల్సిందే. రాపూరులో ఒక దారి చిట్వేలు ఘాట్ ఎక్కి కడప వైపు పోతుంది. మేం గోనుపల్లి వైపు తిరిగాం. అక్కడి నుంచి కొండ దగ్గరవుతూనే ఉంటుంది.

శనివారం కాకపోవడంతో గుడిలో రద్దీ లేదు. హిరణ్యకశిపుణ్ని చంపాక ఉగ్రంతో ఈ కొండల్లో తిరుగుతున్న నరసింహస్వామి, చెంచులక్ష్మిని చూసి శాంతించి పెళ్లాడాడనీ, ఇద్దరూ పెనవేసుకున్న శిలగా వెలిశారనీ ఇక్కడ చెప్పుకుంటారు. అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారి గుడి కాస్త ఎడంగా ఉంటుంది. ఉగ్రరూపం చల్లబడింది అడవిపిల్ల దగ్గర అన్నమాట. ఆ కథకు ఇంతకంటే తగిన చోటు లేదనిపించింది.

దర్శనం అయ్యాక అటవీశాఖవాళ్లను అడిగి, ఎంతవరకు పోవచ్చో కనుక్కుని ఏటి వెంబడి నడిచాం. ఇదంతా పెనుశిల నరసింహ అభయారణ్యంలో భాగం. 1997లో ప్రకటించారు. నెల్లూరు, కడప జిల్లాల్లో కలిపి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. పైన జలపాతం దాకా పోవాలంటే అనుమతి కావాలి, దారి తెలిసిన మనిషి కావాలి. మాకు అంత దూరం అవసరం లేదు. పక్క ఊరి పెద్దాయన ఒకరు తోడొచ్చారు. చిన్నప్పుడు తేనెకు, ఉసిరికాయలకు ఈ కొండల్లో తిరిగిన మనిషి.

మొదట ఎండ పడే వాలు. రాళ్లు తేలిన ఎర్రనేల. చెట్లు మరీ పొడుగు కావు, దూరం దూరంగా ఉన్నాయి. చిరుమాను, బిల్లు, తునికి, మధ్యలో తెల్లగా మెరిసే తపసి మాను. అదిగో ఎర్రచందనం అని పెద్దాయన చూపించేదాకా మేం ఆ చెట్టును దాటిపోతూనే ఉన్నాం. పేపర్లో దుంగల ఫొటోలు చూసీ చూసీ, ప్రాణంతో ఉన్న చెట్టు ఎలా ఉంటుందో ఎవరికీ పట్టకుండా పోయింది. దగ్గరికి పోయి చూశాను. బెరడు నల్లగా, నిలువునా అడ్డంగా పగిలి చిన్న చిన్న పలకలుగా ఉంది, అచ్చం మొసలి వీపే. ఆకు మాత్రం ఆ బెరడుకు సంబంధమే లేనంత మెత్తన. ఒక్కో కాడకు మూడేసి గుండ్రటి, వెడల్పాటి ఆకులు. కింద రాలిన కాయ ఒకటి తీసుకుని ఎండకు పెట్టి చూస్తే మధ్యలో గింజ ఉబ్బెత్తుగా, చుట్టూ పల్చటి రెక్క. గాలికి ఎగిరిపోయి ఇంకెక్కడో పడడానికి ఆ ఏర్పాటు.

ఇంత పెద్ద ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కడప, చిత్తూరు, నెల్లూరు చుట్టుపక్కల కొండలే దాని పుట్టిల్లు. చేవ, అంటే మాను లోపలి గట్టి చెక్క, ఎంత బరువంటే దుంగను నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఆ చేవ కోసమే, ఆ ఎరుపు కోసమే దొంగలు పడుతున్నారు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న చెట్ల జాబితాలో ఇది ఉన్నా నరకడం ఆగలేదు. దారికి కాస్త పైన ఒక మొద్దు కనిపించింది. పాత నరుకుడు, పైన బూజు పట్టింది. కానీ పక్క నుంచి నాలుగైదు చివుర్లు లేచి, నా మోకాలెత్తు పెరిగాయి. వేరు బతికుంటే ఎర్రచందనం మళ్లీ చిగురిస్తుంది.

"ఇది మళ్లా మానయ్యేదానికి ఎన్నేళ్లు పడుతుంది తాతా?" అని అడిగాను.

"నేను చూడనమ్మా. నీ బిడ్డలు చూస్తే చూస్తారు. అది కూడా ఎవురూ నరక్కుండా ఉంటే," అన్నారు.

అక్కడి నుంచి ఏట్లోకి దిగితే పదడుగుల్లో అడవి మారిపోయింది. ఇది చూడడానికే అందరూ పెంచలకోన రావాలంటాను. పైన ఎండ, రాయి, పల్చటి నీడ. కింద ఏటి ఒడ్డున పెద్ద మద్ది మాన్లు, నేరేడు, కానుగ, అడవి మామిడి. కొమ్మలు రెండు ఒడ్ల నుంచీ కలిసిపోయి పగలే చీకటిగా ఉంది. వాలు మీది చెట్లు మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాల్చి మోడవుతాయి. ఏటి పక్కవాటికి కాళ్ల కింద తడి ఉంటుంది కాబట్టి ఎండాకాలంలోనూ నీడ ఇస్తాయి. ఒకే కొండ మీద, ఒకే వానకు, నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయన్న దాన్నిబట్టి రెండు అడవులు.

మా జిల్లాకు వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలోనే పడుతుంది. మేం వెళ్లేముందు కూడా ముసురు పట్టి వదిలింది. ఊళ్లో కాలవలన్నీ ఎర్రటి బురదతో పారుతుంటే, ఇక్కడ ఏరు మాత్రం అడుగున రాయి కనిపించేంత తేటగా ఉంది. బావ ఇంజనీరు, వెంటనే దానికి కారణం వెతికాడు. చెట్ల కింద చేత్తో ఆకులు తోసి చూశాం. పైన ఎండిన ఆకులు, వాటి కింద తడిసి నల్లబడ్డవి, ఇంకా కింద ఆకు అని గుర్తుపట్టలేనంత పొడి, అందులో తెల్లటి బూజు దారాలు, ఒక రోకలిబండ పురుగు. ఆఖర్న మెత్తటి నల్లమట్టి. వేలు దించితే వేలంతా దిగింది. వాన చినుకు మొదట కొమ్మల మీది ఆకుల మీద పడుతుంది, తర్వాత ఈ పరుపు మీద పడుతుంది, నేలను కొట్టే బలం దానికి అప్పటికే పోతుంది. ఇంకి, నిదానంగా రాళ్ల సందుల్లోంచి ఏట్లోకి వస్తుంది. వాన వెలిసిన తర్వాత కూడా ఏరు పారడానికి కారణం ఇదే. కండలేరు పుట్టేది ఈ కొండల్లోనే. కింద కట్టిన జలాశయానికి సోమశిల నుంచి పెన్న నీళ్లు వస్తాయి, అక్కడి నుంచి చెన్నైకి తాగునీళ్లు పోతాయి. ఆ పెద్ద లెక్కల్లో ఈ చిన్న ఏరుల ఊసు ఎవరూ ఎత్తరు.

ఏట్లో నీళ్లు నిలిచిన గుండంలో అడుగున పడిన నేరేడు ఆకును పైకి తీస్తే పచ్చదనమంతా పోయి ఈనెలు మాత్రమే మిగిలి ఉన్నాయి. మెత్తనిదంతా నీటిపురుగులు తినేశాయి. ఆ పురుగుల్ని చేపపిల్లలు తింటాయి. అక్క ఫోన్ తీసి ఆ ఆకును వెలుతురుకు పెట్టి ఎంతసేపు ఫొటోలు తీసిందో!

మధ్యాహ్నానికి వెనక్కి వచ్చి, వంటలకు, భోజనాలకు వదిలిన చోట ఒక ఉసిరిచెట్టు కింద కూర్చున్నాం. పులిహోర, వడలు, చింతకాయ పచ్చడి, పెరుగన్నం ఇంటి నుంచే తెచ్చాం. అత్తయ్య మోదుగాకు విస్తర్లు వెతికించి మరీ కొనిపించింది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద ప్లాస్టిక్ ప్లేట్లో తింటే అది వనభోజనమే కాదని ఆవిడ పట్టు. ఆవిడ మాటే నిజం. చుట్టూ చూస్తే మాకంటే ముందొచ్చినవాళ్లు వదిలిన థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ల సీసాలు, షాంపూ పొట్లాలు. కొన్ని ఏట్లోకి కూడా జారాయి. కోతులు పెరుగు కవర్లు నాకుతున్నాయి. దేవుడి దగ్గరికి చెప్పులు విప్పి పోయేవాళ్లం, ఆయన ఏటిని ఇలా ఎలా వదిలిపోతాం? నాకు నిజంగా కడుపు రగిలింది. బావ, నేను అందినంతవరకు సంచిలోకి ఏరాం. మా విస్తర్లను పెద్దాయన ఒక చెట్టు మొదట్లో బోర్లించి వచ్చారు.

ఈ కొండలకు అవతల, కడప వైపు 1986లో కలివికోడి మళ్లీ కనిపించింది. అంతరించిపోయిందని అందరూ అనుకున్న పక్షి అది. కలివి పొదలున్న చిట్టడవిలో బతికింది. ఆ సంగతి చెబితే పెద్దాయన, "కలివిపండ్లు మాకూ ఉండాయమ్మా, వేసవిలో రండి," అన్నారు. పక్షి గురించి అడిగితే తల అడ్డంగా ఊపారు.

వెళ్లాలనుకునేవాళ్లకు నా మాట: కార్తీకం నుంచి పుష్యం దాకా ఏరు, ఆకు రెండూ నిండుగా ఉంటాయి. శనివారం వద్దు. పొద్దున్నే దర్శనం ముగించుకుని, అటవీశాఖవాళ్లు సరేనన్నంత మేరకే నడవండి, తోడు మనిషిని తీసుకోండి, ఆయన శ్రమకు తగిన డబ్బులివ్వండి. వానపడుతుంటే మాత్రం ఏట్లోకి దిగొద్దు, పైనుంచి నీళ్లు ఒక్కసారిగా వస్తాయి. గుడి దగ్గర నుంచి ఏటి దాకా చెట్లకు పేర్లు రాసిన బోర్డులు పెడితే ఎంత బాగుంటుందో. వచ్చే పిల్లలు కనీసం ఎర్రచందనాన్ని ఆకు చూసి గుర్తుపడతారు.

వైశాఖంలో బ్రహ్మోత్సవాలకు ఎటూ జనం వస్తారు. ఎర్రచందనం పసుప్పచ్చగా పూసేదీ ఆ ఎండల్లోనే. ఆ పూత చూడాలని అక్కకూ నాకూ ఉంది. అత్తయ్య ఉత్సవానికి వస్తానంది కాబట్టి, ఈసారి ఆవిడకు షరతు పెట్టే అవసరం రాదు.