రోళ్లపాడులో చూడ్డానికేముందప్పా?

అహోబిలం పోదామంటే మా ఇంట్లో అందరూ ముందురోజు రాత్రే బ్యాగులు సర్దుతారు, నల్లమల అంటే స్నేహితులు క్యూ కడతారు, రోళ్లపాడు అంటే మాత్రం "గడ్డి చూడ్డానికి అంత దూరం ఎందుకప్పా" అంటారు. ఈసారి నాతో వచ్చింది మా బావమరిది ఒక్కడే, వాడు కూడా అక్కడి నుంచి కడప వైపు దిగి లంకమల అడవి చూపిస్తానంటే ఒప్పుకున్నాడు.

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా మిడుతూరు వైపు పోవాలి. ఇప్పుడది నంద్యాల జిల్లాలోకి పోయింది కానీ మా నోట్లో ఇంకా కర్నూలు రోళ్లపాడే. 1988లో అభయారణ్యంగా ప్రకటించారు, 614 హెక్టార్లు. అభయారణ్యం అనగానే చెట్లూ కొండలూ ఊహించుకుంటే కష్టం. కనుచూపు మేర గడ్డి, మధ్యమధ్యలో తుమ్మ, రేగు, అంచుల్లో సర్కారు తుమ్మ, చుట్టూ చేలు, అంతే. బావమరిది బండి దిగుతూనే "అడవి ఎక్కడ బావా?" అన్నాడు. దాంట్లోనే నిలబడి ఉన్నావురా అంటే నమ్మలేదు.

మేము పోయింది జనవరి చివర. తెల్లవారుజామున మంచు కమ్మి శనగ చేలు కూడా సరిగ్గా కనపడలేదు, తీతువు ఒకటి మా తల మీదే తిరుగుతూ ఊరంతటికీ చెప్పినట్టు అరిచింది. ఎండ కాస్త ఎక్కాక మంచు విడిపోయి ముందు కొమ్ములు, తర్వాత వీపులు కనపడినాయి, అవి కృష్ణజింకలు. ఆడవి, పిల్లలు అన్నీ లేత గోధుమ రంగులో ఎండుగడ్డిలో కలిసిపోయి ఉంటాయి, మగది మాత్రం ఎదిగేకొద్దీ నల్లబడుతుంది, మెలికల కొమ్ములు పెట్టుకుని కాస్త ఖాళీ నేలలో తల పైకెత్తి నిలబడుతుంది, ఆ కాస్త జాగా తనది, ఇంకో మగది వస్తే ఊరుకోదు. రెండు మగవి కొమ్ములు కలిపి తోసుకుంటుంటే పక్కన ఆడవి పట్టించుకోకుండా మేస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఏం చూసి బెదిరినాయో గానీ మంద మొత్తం ఒక్కసారి లేచింది, పరుగు కూడా కాదు, గాల్లోకి ఎగిరెగిరి పోవడం. బావమరిది అప్పటి నుంచి అడవి ఎక్కడ అని అడగలేదు.

ఇదే చోటికి నేను ఆగస్టులో కూడా వచ్చాను, రెండూ ఒకే చోటంటే నాకే నమ్మబుద్ధి కాదు. రోహిణి కార్తె ఎండలకు నల్లరేగడి చేయి పట్టేంత నెర్రెలిచ్చి ఉంటుంది, గడ్డి వేళ్ల దాకా ఎండి చచ్చినట్టే కనపడుతుంది. మృగశిర దాటి రెండు మంచి వానలు పడితే చాలు, ఆ చచ్చిందనుకున్న వేళ్ల నుంచే పచ్చగా లేస్తుంది. ఆరుద్ర పురుగులు మఖమల్ ముక్కల్లాగా ఎర్రగా నేల మీద పాకేది అప్పుడే. ఆగస్టుకు గడ్డి మోకాలి దాటుతుంది, దాని కింద తుమ్మి తెల్లగా, విష్ణుక్రాంత నీలంగా, చేల గట్ల మీద తంగేడు పసుపుపచ్చగా, ఇంకొంచెం ఆగితే గునుగు కంకులు తెల్లగా గులాబీగా లేస్తాయి. నడవడం మాత్రం నరకం, అడుగుకు అరకిలో రేగడి చెప్పుకు అంటుకుంటుంది.

ఆ వానాకాలం గడ్డిలోకే నేల నెమలి వచ్చేది. పెద్ద కోడి అంత పక్షి, మగదానికి జత కావాల్సిన కాలంలో నలుపూ తెలుపూ రంగు వస్తుంది, తల వెనక సన్నటి ఈకలు. గడ్డి తన కంటే ఎత్తు కాబట్టి ఆడపిట్టకు కనపడాలంటే పైకి ఎగరడమే దారి, నిట్టనిలువుగా మనిషి ఎత్తు దాకా ఎగిరి మళ్లీ దిగిపోతుంది, రోజులో వందల సార్లు. నాకు కనపడలేదు, కనపడే అదృష్టం ఇప్పుడు దేశంలోనే చాలా తక్కువ మందికి ఉంది.

అసలు ఈ అభయారణ్యం పెట్టింది బట్టమేక పక్షి కోసం. మీటరు ఎత్తు, మగది 15 కిలోల దాకా తూగుతుంది, అంత బరువుతో ఎగిరే పక్షులు ప్రపంచంలోనే కొద్ది. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు, అదీ గూడు లేకుండా నేల మీదే పెడుతుంది. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది దీనికి సరిగ్గా కనపడదు, కరెంటు తీగలకు తగిలి చచ్చేది అందుకే. 1980ల్లో రోళ్లపాడు పేరు పక్షులు చూసేవాళ్లలో మోగిపోయింది దీని వల్లే. ఇప్పుడిక్కడ లేదు. దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగేవి 150 కూడా మిగల్లేదు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే.

గేటు బయట టీ తాగుతుంటే శనగ చేను కాడి నుంచి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు.

"ఏం నాయనా, బట్టమేక కోసం వచ్చినారా?"

"ఉందా పెద్దాయనా?"

"యాడిదప్పా! మా చిన్నప్పుడు కొర్ర చేలల్లో గొర్రెల మాదిరి తిరుగుతాండె. ఇప్పుడు అన్నీ జింకలే. రాత్రంతా మంచె మీద కాపలా ఉంటే గానీ శనగ దక్కదు."

ఆయన కోపంలో న్యాయం ఉంది. కాపలా పెట్టి వేట ఆపేసరికి జింకలు బాగా పెరిగినాయి, గడ్డి అయిపోతే అవి చేలల్లోకే కదా పోవాల్సింది. ఇంకోవైపు కాలువ నీళ్లు వచ్చినాయి, కొర్ర, జొన్న పోయి పంటలు మారినాయి, మందులు కొట్టడం పెరిగింది. బట్టమేక అభయారణ్యం గీత చూసుకుని బతికే పక్షి కాదు, దానికి గడ్డీ కావాలి, పక్కన మెట్ట చేలూ కావాలి, వాటిల్లో మిడతలూ కావాలి. గీత లోపల ఉన్నది మాత్రమే కాపాడితే ఏమవుతుందో చూడాలంటే ఇక్కడికి రావాలి.

నాకు ఇంకా ఎక్కువ భయం వేసేది మంచి మనసుతో మొక్కలు నాటేవాళ్లను చూస్తే. గడ్డినేల అంటే బీడు, బీడు అంటే చెట్లు పెట్టాలి అని మనకు బుర్రలో కూర్చుంది. ఇక్కడ చెట్టు పెడితే గుంటనక్కకు, కౌజులకు, నేల మీద గుడ్డు పెట్టే ప్రతి పిట్టకు ఇల్లు పోయినట్టే, ఆ చెట్టు మీద కూర్చుని కాకి ఆ గుడ్లన్నీ చూసుకుంటుంది.

సాయంత్రం దాకా ఉండమని బావమరిదిని బతిమాలాల్సి వచ్చింది. ఐదు దాటాక ఉత్తరం వైపు నుంచి ఒక పిల్లిగద్ద గడ్డికి మూరెడు ఎత్తులో, రెక్కలు కొంచెం పైకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. మగవి బూడిద రంగు, రెక్కల కొసలు నలుపు, ఆడవి గోధుమ రంగు, తోక మొదట్లో తెల్ల మచ్చ. మధ్య ఆసియా మైదానాల నుంచి వచ్చి అక్టోబరు నుంచి మార్చి దాకా మన మిడతలు తిని బతుకుతాయి. గద్దలంటే చెట్ల మీద నిద్రపోతాయనుకుంటాం కదా, ఇవి పొద్దుగూకేసరికి ఒకే చోట గుంపుగా గడ్డిలోకి దిగి నేల మీదే పడుకుంటాయి. ఒకప్పుడు ఇక్కడ వందల్లో దిగేవి. మేము లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాం, వచ్చినవే మళ్లీ లేచి చుట్టు తిరుగుతుంటే ఏది కొత్తదో తెలియలేదు. "ఇంత దూరం వచ్చేది మన మిడతల కోసమా?" అని వాడు మూడుసార్లు అడిగాడు.

రాత్రి నంద్యాలలో పడుకుని, మరుసటి రోజు ఆళ్లగడ్డ, మైదుకూరు, బద్వేలు మీదుగా సిద్దవటం రోడ్డు పట్టుకున్నాం. ఇదే లంకమల, ఇక్కడ ఎర్రచందనం దొంగ రవాణా వల్ల అడవిలోకి అంత తేలిగ్గా పోనివ్వరు, మేము రోడ్డు పక్కనా, ఊళ్ల వాళ్లు మేకలు తోలుకుపోయే బాటల్లోనే తిరిగాం. ఎర్రచందనం ఆకు రాలుస్తోంది, మొసలి వీపులాంటి నల్లటి బెరడు, కొమ్మలకు బిళ్లల్లాగా గుండ్రటి ఎండుకాయలు. ఏప్రిల్, మే నెలల్లో ఇదే చెట్టు పసుపు పూలు పూస్తుంది. ఇప్పుడు పసుపు పూలన్నీ కొండగోగువే, ఒక్క ఆకు లేని కొమ్మ మీద అరచేయంత పువ్వు.

కలివికోడి ఊరు ఇదే. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త లోకానికి చెప్పిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనే అనుకున్నారు, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర స్థానికుల సాయంతో పక్షుల పరిశోధకుడు భరత్ భూషణ్ మళ్లీ చూశాడు. రాత్రి పూట మాత్రమే తిరుగుతుంది కాబట్టి పగలు పోయిన మాకు కనపడే ఆశ లేదు, దాని నేల చూడ్డానికే పోయాం. పొదలు మరీ దట్టంగా ఉన్నా పనికిరాదు, మరీ పలచగా ఉన్నా పనికిరాదు, మధ్యలో పరిగెత్తడానికి ఖాళీ కావాలి. ఆ ఖాళీని అలా ఉంచేది మేకలూ, కట్టెలు కొట్టుకునేవాళ్లూ. మరీ ఎక్కువ కొడితే పక్షి పోతుంది, పూర్తిగా ఆపేసినా పొద మూసుకుపోయి పక్షి పోతుంది. తెలుగుగంగ కాలువ దారిని కూడా ఈ పక్షి కోసమే కొంత మార్చాల్సి వచ్చింది.

పోవాలనుకునే వాళ్లకు నాలుగు మాటలు. జింకలూ గద్దలూ కావాలంటే రోళ్లపాడుకు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పోండి, పూలూ పచ్చదనం కావాలంటే ఆగస్టు, సెప్టెంబరు, మే నెలలో మాత్రం వద్దు. ముందే అటవీ శాఖ అనుమతి అడగండి, నీళ్లూ తిండీ నందికొట్కూరులోనే తీసుకోండి. ఎండుగడ్డి ముళ్లు ప్యాంటులో దూరితే సాయంత్రం దాకా గీరుకుంటూనే ఉంటారు, మందమైన జీన్స్ వేసుకోండి. వానాకాలంలో రక్తపింజరలు ఉంటాయి, గడ్డిలో అడుగు చూసి వేయండి. బట్టమేక ఉందా అని మాత్రం ఆ ఊరి వాళ్లను అడక్కండి, శనగ పంట గురించి అడగండి, మిగతాదంతా వాళ్లే చెప్తారు.