దిగేటప్పుడు ఛార్జ్ ఎక్కే బస్సు

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో ఉండాను, పేరు వద్దులే, ఇంకా అక్కడే కదా జీతం. మాది చిత్తూరు, నాయన లారీ మెకానిక్. ఎండాకాలం సెలవులొస్తే షెడ్డులో నాజిల్స్ విప్పి డీజిల్లో కడగడం నా పని. అక్కడా డీజిల్ ఇంజన్ టెస్టింగే దొరికింది, 2016లో చేరినా, అంటే ఫోక్స్‌వాగన్ కంపెనీ డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో చేసిన గోల్‌మాల్ బయటపడిన మరుసటేడు, మనం పోయే టైం అట్లుంటాది మరి.

ఇప్పుడు ఏ మీటింగ్‌కి పోయినా సస్టైనబుల్ గ్రోత్ అంటారు, అంటే రేపటికీ మిగిలేట్టు పెరగడం. జర్మన్ వాళ్లకి ఆ సస్టైనబుల్ అనే మాట 1713లో అడవుల మీద రాసిన పుస్తకంలోంచి వచ్చిందంట, చెట్లు పెరిగినంతే నరకాలని, వింటా ఉంటే మన శేషాచలం ఎర్రచందనం గుర్తొచ్చి నవ్వొచ్చింది. 2035 నుంచి యూరప్‌లో కొత్త కార్లకి పొగే ఉండకూడదని 2023లో చట్టం తెచ్చినారు, మళ్లీ కొంచెం సడలిద్దామంటా ఉండారు. ఆ 2023 డిసెంబర్లోనే జర్మనీ సర్కారు కరెంటు కార్ల సబ్సిడీని ఉన్నట్టుండి ఆపేసింది, అవతల చైనా కార్ల కంపెనీ బీవైడీ 2022లోనే ఉత్త పెట్రోల్ కార్లు చేయడం మానేసి ముందుకు పోతా ఉంది. మా దగ్గర ఆర్డర్లు తగ్గి కొన్ని నెలలు కుర్ట్స్‌అర్బైట్ పెట్టినారు, అంటే పని గంటలు తగ్గిస్తారు, పోయిన జీతంలో పిల్లలున్నోళ్లకి 67 శాతం ప్రభుత్వం తరఫున వస్తాది. అది నయమే, 2024 చివర్లో ఫోక్స్‌వాగన్ 2030కి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామని యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు మా క్యాంటీన్లో ఎవరూ సరిగా తినలా. గ్రోత్ గ్రాఫులో మనుషుల లెక్క మాత్రం చూపించరు. నన్ను బ్యాటరీ ట్రైనింగ్‌లో కూర్చోబెట్టినారు, నలభై ఏళ్లొచ్చినాక మళ్లీ పరీక్షలు.

మొన్న లీవులో నాయన్ని తిరుమలకి తీసుకపోయినా. 2022 నుంచి తిరుగుతా ఉన్న ఆర్టీసీ కరెంటు బస్సులోనే దిగినాం, డ్రైవర్ వెనక సీటు దొరికింది. కొండ మీద మీటర్లో 61 శాతం ఉండాది, మలుపులన్నీ దాటి అలిపిరి వచ్చేసరికి 66. "యాక్సిలరేటర్ వదిలేస్తే మోటారే జనరేటర్ అయిపోతాది నాయనా, బండిని పట్టి ఆపుతా బ్యాటరీ నింపుతాది, పైన ఫుల్ ఛార్జ్ చేసుకుని దిగితే మాత్రం నింపడానికి చోటుండదు" అని, కొత్తగా నేర్చుకున్నదంతా చెప్పేసినా. ఆయన లడ్డు కవరు ఒళ్లో పెట్టుకుని చెవి కిటికీ వైపు పెట్టినాడు, ఇంజన్ శబ్దం కోసమేమో.

"అయితే బ్రేక్ లైనర్లు ఎన్నాళ్లొస్తాయిరా?"

"శానా రోజులొస్తాయి."

"ఆయిల్ మార్చే పని?"

"ఇంజన్ ఆయిలే లేదు కదా."

ఆయన చేతులకేసి చూసుకున్నాడు, గోళ్ల సందుల్లో ఆ నలుపు ఇంకా ఉండాది. "మన వెంకట్రమణ బండి అనుకున్యా, మనకి మాత్రం పని లేకుండా చేసిండాడే" అని నవ్వి, టీ తాగుదాం పదరా అన్నాడు.