సినగాగ్ లైబ్రరీలో పని: పుస్తకం కుడినుంచి మొదలు

అమెరికాలో చాలా సినగాగ్‌లకు (యూదుల ప్రార్థన మందిరాలకు) సొంత లైబ్రరీ ఉంటుంది. కొన్నింటిలోకి యూదులే కాదు, ఊళ్లో ఎవరైనా వెళ్లొచ్చు. నడిపేది ఎక్కువగా వాలంటీర్లే. అందుకే హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి మీద ఆధారపడ్డవాళ్లకిచ్చే వీసా) మీద వచ్చి ఇంటిపట్టున ఉండిపోయిన మనవాళ్లకి ఇది మంచి చోటు. ఒక్క జాగ్రత్త: ఈఏడీ (పనిచేసుకునే అనుమతి) లేనివాళ్లు మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసిపెట్టినా చిక్కే. మొదటినుంచీ వాలంటీర్లు చేస్తున్న పనేనా అని అడిగి చేరాలి.

శుక్రవారం పొద్దు గుంకడంతో షబ్బాత్ మొదలు, అది శనివారం రాత్రిదాకా సాగే యూదుల విశ్రాంతి దినం. డిసెంబరులో న్యూయార్క్ వైపు నాలుగున్నరకే చీకటి పడుతుంది, మధ్యాహ్నానికే సర్దుకోవాలి. షబ్బాత్ నాడు రాయకూడదు గనక, శనివారం కూర్చుని చదువుకోనిచ్చే చోట కూడా పుస్తకం ఇచ్చినట్టు నమోదు చేయరు. కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించే చోటికి ఇంటి వంట తీసుకెళ్లకూడదు, పప్పన్నమైనా సరే.

అసలు కష్టం అలమారల దగ్గర. పుస్తకాలకి అంశాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో యూదమతమంతా 296 కింద ఇరుక్కుపోతుంది, దశాంశాలు పెరిగి లేబుల్ మీద పట్టవు. అందుకని కొన్ని లైబ్రరీలు ఎలజార్ పద్ధతి వాడతాయి: 000 బైబిలు, 200 ఆచారాలు, 500 సాహిత్యం, 700 చరిత్ర, 800 ఇజ్రాయెల్. డ్యూయీలో 800 అంటే సాహిత్యం. ఆ అలవాటున్నవాళ్లు నవలలన్నీ తీసుకెళ్లి ఇజ్రాయెల్ వరసలో పెట్టేస్తారు.

హీబ్రూ పుస్తకం కుడినుంచి ఎడమకి. మనకి వెనకట్టలా కనిపించేదే దాని ముందట్ట. కొత్తవాళ్లు బార్‌కోడ్‌ని సరిగ్గా పేరు మీదే అంటిస్తారు! అచ్చయిన సంవత్సరం హీబ్రూ అక్షరాల్లో ఉంటుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో విలువ: తావ్ 400, శిన్ 300, నూన్ 50, మొత్తం 750. యూదుల లెక్కలో అది 5750, ముందున్న ఐదువేలు వదిలేసి రాస్తారు. దానికి 1240 కలిపితే 1990. వాళ్ల ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లో మారుతుంది కాబట్టి 1989 చివరి నెలలు కూడా కావచ్చు. హనుక్కా అన్న యూదుల పండగ పేరుని ఇంగ్లీషులో హెచ్‌తోనూ రాస్తారు, సీహెచ్‌తోనూ రాస్తారు. సీత, లక్ష్మి పేర్లని పది రకాలుగా రాసుకునే మనకిది కొత్తేం కాదు. కేటలాగ్‌లో రెండు విధాలా వెతకాలి.

ప్రార్థన పుస్తకం కిందపడితే తీసి ముద్దు పెట్టుకుంటారు, మనం కళ్లకద్దుకున్నట్టే. దాని మీద మామూలు పుస్తకం పెట్టరు, నేల మీద అసలే పెట్టరు. చిరిగిపోతే చెత్తబుట్టలో వేయడానికి లేదు: హీబ్రూలో దేవుడి పేరున్న కాగితం గెనిజా పెట్టెలోకి వెళ్లాలి. ఆ పెట్టె నిండాక శ్మశానంలో పూడుస్తారు. కైరోలో బెన్ ఎజ్రా సినగాగ్ గదిలో ఇలా వందల ఏళ్లు పోగుపడ్డ కాగితాల్లోనే మన పడమటి తీరంతో వ్యాపారం చేసిన యూదుల ఉత్తరాలు దొరికాయి. పాత పుస్తకాలు ఏరేటప్పుడు పొరపాట్లు ఎక్కువ జరిగేది రీసైకిల్ డబ్బా దగ్గర. హీబ్రూ అక్షరాలున్న చిన్న ముక్క కనిపించినా, రబ్బీకి (యూదుల మతగురువుకి) చూపించేదాకా పక్కన పెట్టాలి.