డైరీలో కొట్టివేతలు

ఇవాళ మంగళవారం. డైరీ పేజీ మీద మాత్రం శుక్రవారం అని ఉంది. మూడేళ్ల కిందటి డైరీ ఇది. ఎవరో కొత్త సంవత్సరానికి ఇస్తే బీరువాలో పడేశాను. మొన్న రక్తంలో షుగరు చూసే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చాక దుమ్ము దులిపాను. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టేనట. "ఇది సుమారు మూడు నెలల సగటమ్మా, ముందురోజు పస్తుండి మాయ చేద్దామంటే కుదరదు" అని నవ్వాడు డాక్టరు. మందు రాయలేదు. తిన్నదీ నడిచిందీ రాసుకుని, మూడు నెలల తర్వాత రమ్మన్నాడు.

మొదట మా అమ్మాయి ఫోన్లో ఏదో యాప్ వేసిచ్చింది. దానికి పిజ్జా ముక్క తెలుసు గానీ మా ఇంటి బీరకాయ తొక్కు పచ్చడి తెలీదు. నాలుగు రోజులకే విసుగొచ్చి పెన్ను పట్టాను.

పొద్దున 5.20కి మా విశాఖ బీచ్ రోడ్డు. ఆ వేళ బళ్లు రానివ్వరు కాబట్టి రోడ్డంతా మనదే. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, వుడా పార్కు దాకా వెళ్లి వెనక్కి. ఇంటికొచ్చి "నడక 55 నిమిషాలు" అని రాశాను. రాశాక మనసొప్పలేదు. అందులో పావుగంట ఎదురింటి వదినగారితో గోడ మీద కూర్చుని వాళ్ల కోడలి సంగతులు విన్నాను. 55 కొట్టేసి 40 వేశాను. వచ్చేటప్పుడు రాగిజావ అతను "మజ్జిగేసి ఇమ్మంటారేటమ్మా?" అంటే ఓ గ్లాసు తాగాను. అదీ ఎక్కించాను. ఒంటికి మంచిదని తాగినవి లెక్కలోకి రావనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

అసలు తిరకాసంతా వంటింట్లోనే. పోపులో వేయించిన పల్లీలు నాలుగు, కూర కుదిరిందో లేదో చూడ్డానికి ఓ ముద్ద, అబ్బాయి వదిలేసిన సగం ఇడ్లీ పారెయ్యలేక నా నోట్లో. మొదటి వారం ఇవేవీ రాయలేదు. దాచి కాదు, అవి తినడం కిందికి వస్తాయనే తోచలేదు. రెండో వారం నుంచి "సగం ఇడ్లీ, నిలబడి" అని రాస్తున్నాను. శనివారం కూడితే, నిలబడి తిన్నవే రెండు పూటల టిఫినుకి సరిపోయాయి!

ఉప్పు సంగతి ఇంకా ఘోరం. ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాసిపెట్టాను. కిలో ప్యాకెట్ 27 రోజులకి ఖాళీ. ఇంట్లో నలుగురం. భాగిస్తే మనిషికి రోజుకి 9 గ్రాముల పైమాటే. కడిగిన నీళ్లలో పోయింది కొంత తీసేసినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5 గ్రాములకి మేం చాలా దూరం. పైగా ఇందులో ఆవకాయ లేదు. దాని ఉప్పు వేసవిలోనే జాడీకెక్కింది.

మధ్యాహ్నం కప్పు అన్నం, బీరకాయ పప్పు, మజ్జిగ. చెప్పుకోవాల్సిందేం లేదు.

సాయంత్రం పక్కింటివాళ్లు ఆంజనేయస్వామికి వడమాల వేయించి ప్రసాదం పట్టుకొచ్చారు. "వడలు 2" అని రాస్తుంటే అత్తయ్య చూసింది.

"ప్రసాదానికి లెక్కలేమిటే, కళ్లు పోతాయి!"

"షుగరొచ్చినా పోయేవి కళ్లే అత్తయ్యా."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే ఒకటని రాయి, రెండోది నాకిచ్చెయ్" అంది. 2 కొట్టేసి 1. ఈ పేజీలో ఇది రెండో కొట్టివేత. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో కూడా ఇన్ని కొట్టివేతలుండేవి కావు.

ఈ డైరీని చూసి మా ఆయన "ఆడిట్ ఎప్పుడు?" అని రోజూ ఏడిపిస్తూనే ఉంటారు. రాత్రి పడుకోబోతూ డైరీ తీస్తే, పేజీ అడుగున ఆయన చేతిరాత: "9.50కి జంతికలు 4. ఆవిడ కాదు, నేను."

లేచి వెళ్లి డబ్బా మూత తీశాను. ఈమధ్య అందులో ఎన్నున్నాయో నాకు తెలుసు. 4 కొట్టేసి 7 వేశాను.